వరండాలో నా కుర్చీ

బావగారికి నమస్కారం. నా అక్షరాలు వంకర, తప్పులూ ఉంటాయి. మన్నించి చదువుకోండి.

మీ అబ్బాయి, అంటే మా అల్లుడు, సెలవురోజుల్లో కరెంటు పని చేస్తున్నాడు. వీడియోలు చూసి నేర్చుకున్నాడు. నిన్న మా ఇంట్లో బ్రేకర్ల పెట్టె మూత విప్పాడు. బ్రేకర్లన్నీ కిందికి దించి, బయటినుంచి వచ్చే లావుపాటి తీగ మీద చెయ్యి వేయబోయాడు.

“మీటరు దగ్గర మెయిన్ కూడా ఆపితే...” అని నసిగాను.

“బ్రేకర్లు దించేశాక ఇంకా కరెంటెక్కడిది మామయ్యగారూ? ఫ్యాను తిరుగుతోందా? భయమైతే వెళ్లి వరండాలో కూర్చోండి.”

పేపరు పట్టుకుని వెళ్లిపోయాను. “నాన్నకి ప్రతిసారీ ఇంతే” అని మా అమ్మాయి పడీపడీ నవ్వింది.

పని బాగానే అయింది. “చూశారా, కరెంటుకి నేనంటే హడల్!” అన్నాడు. అవునన్నాను.

వచ్చే నెల మీ ఇంటి పెట్టె విప్పుతాడట. అందుకే ఈ కార్డు. ఫోనులో చెబితే పక్కనుండి విని చిన్నబుచ్చుకుంటాడు.

బ్రేకర్లు దించినా ఆ లావు తీగలో కరెంటు ఉంటుంది బావగారూ. మా మెయిన్ స్విచ్ వరండా గోడకే ఉంది. అతను మూత విప్పిన ప్రతిసారీ నేను దాన్ని ఆపేసి, పేపరు అడ్డం పెట్టుకుని కాపలా కూర్చుంటాను.

మీ ఇంట్లో మెయిన్ ఏ గోడకుంది? దాని కింద మీకు కుర్చీ పడుతుందా? వెంటనే జాబు రాయండి.