కిటికీ సందు

డబ్లిన్ నిండా కొత్త ఫ్లాట్లు లేస్తున్నా, శేషగిరి, గిరిజలకు దొరికింది చలి దూరే పాత అద్దె ఇల్లు. చలి కాచుకునే పొయ్యిలో పీట్ అనే మండే మట్టిగడ్డలు అంటించి, శేషగిరి కిటికీ బిగించాడు.

“నాకప్పుడే తల దిమ్ముగా ఉందండీ. మూసిన గదిలో ఈ పొగ విషం. కాస్త తెరవండి,” అంది గిరిజ. ఆమె డాక్టరు.

“వేడంతా పోతుంది. ఇంజనీర్ని, నాకు తెలీదా?”

టీకి వచ్చిన పక్కింటి నోరా, గొడవ కిటికీ గురించేనని పసిగట్టింది. “మా ఆయన పాడ్రిగ్ పోయాడు గానీ, ఈ నిప్పు వాసనకి ఆ కిటికీలోంచే వస్తుంటాడు. మూసుంటే ఊరుకోడు,” అంది ఇంగ్లిషులో.

శేషగిరి లేచి కిటికీ జానెడు తెరిచాడు. “వెంటిలేషన్ కూడా ఉండాలిలే.”

గుమ్మం దగ్గర గిరిజ గొంతు తగ్గించింది. “మీ ఆయన పోయారని నాకు తెలీదు, నోరా.”

“పోయాడమ్మా,” అంది నోరా కోటు బొత్తాలు పెట్టుకుంటూ. “పబ్‌కి.”