అభ్యర్థి ప్రార్థన

కౌన్సిలరు పదవికి నామినేషన్ వేసిన రోజునే సలోమి మణికట్టుకు పట్టీ కట్టారు. పోటీ చేసేవాళ్ళెవరికీ ఇప్పుడది తప్పదు. అది చేతికుంటే, అభ్యర్థి మనసులో ఏ దేవుణ్ణి ఏం కోరుకున్నా వెంటనే వీధి చివరి తెర మీద పడుతుంది. జనం టీ తాగుతూ చదువుతారు. పక్క వార్డు ఆయన వెంకన్నను మెజారిటీ అడిగి నవ్వులపాలయ్యాడు. సలోమి గురించి మాత్రం ఒకటే గుసగుస: "ఈవిడ గెలిస్తే కుళాయి ఎప్పుడు వదలాలో కూడా పాస్టరు గారే చెప్తారు."

అందుకే ఆమె చర్చికి వెళ్ళడమే కాదు, ప్రార్థన చేసుకోవడం కూడా మానేసింది.

ఆ ఉదయం వాళ్ళమ్మకు గుండె ఆపరేషన్. ఆసుపత్రిలో తమ్ముడున్నాడు. సలోమి ఇంట్లో గోరుచిక్కుళ్ళు తుంచుతూ, ఎక్కడ దేవుడు గుర్తొస్తాడోనని పెదవి కొరుక్కుంటోంది.

"నువ్వు అడక్కూడదు. నాకేమన్నా పట్టీ ఉందా?" అంది పక్కింటి మాణిక్యాంబ. టెంకాయ పట్టుకుని చర్చికి బయల్దేరింది.

కాసేపటికి కుంటుకుంటూ తిరిగొచ్చింది.

"టెంకాయ కొట్టనివ్వలేదమ్మాయ్. కొంగు కప్పుకుని మోకాళ్ళ మీద కూర్చోమన్నారు. మీ అమ్మ పేరు చెప్పాను. గోత్రం ఏం చెప్పాలో తెలీక మాదే చెప్పేశాను."

"మా దేవుడు గోత్రం అడగడు పిన్నిగారూ."

"అడక్కపోతే మానె. చెప్తే తప్పేంటి?"

నవ్వబోయి ఏడ్చేసింది సలోమి. కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

వీధి చివర తెర వెలిగింది. టీ గ్లాసులతో జనం తలెత్తి చదివారు.

"అమ్మ సంగతి పిన్నిగారు చెప్పారు కదా ప్రభువా. నువ్వు ఆవిడ మోకాళ్ళ సంగతి చూడు."