నాలుగో రాణి బొమ్మ

గుంపులో వెనక నిలబడ్డ అబ్బాయి ఫోన్ చూస్తున్నాడు. మనస్విని ముఖం చూస్తున్నాడు. మళ్లీ ఫోన్ చూస్తున్నాడు.

మనస్విని అది గమనించింది. అయినా నవ్వుముఖం పెట్టుకుని టూర్ నడిపిస్తూనే ఉంది. ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఎమ్మెస్ చదువుతూ, శనివారాలు ఈ ట్యూడర్ కాలపు కోటలో గైడుగా చేస్తోంది. ఎనిమిదో హెన్రీ రాజు, అతని ఆరుగురు రాణుల సంగతులు నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. కానీ ఇవాళ ఆమె పెళ్లిచూపులు కూడా ఇక్కడే. బ్లాంచర్డ్స్‌టౌన్ అనే ఊరి నుంచి ఆ అబ్బాయి రఘువీర్, వాళ్ల పిన్ని దమయంతి టికెట్లు కొనుక్కుని మరీ వచ్చారు.

పొద్దున్నే హన్మకొండ నుంచి నాన్న ఫోన్ చేశాడు.

"గీ సంబంధం గిట్ల తప్పిపోయిందనుకో, ఇగ నీ పెండ్లి ముచ్చట నేనెత్తను. నీ మొగుణ్ని నువ్వే చూస్కోవాలె. సమజైందా?"

అన్నంత పనీ చేసే మనిషి.

చిక్కంతా ఫొటోతోనే వచ్చింది. చామనచాయ మనస్విని అందులో పాలలా తెల్లగా ఉంది. ముక్కు సన్నబడింది. చెంప మీది మచ్చ మాయమైంది. ఆ ఫొటో చూసే రఘువీర్ సరేనన్నాడు.

గుంపు నాలుగో రాణి పటం ముందు ఆగింది.

"ఈవిడ క్లీవ్స్ రాకుమారి ఆన్. రాజు ముందు బొమ్మ చూసి మనసు పడ్డాడు. తీరా మనిషిని చూశాక నచ్చలేదన్నాడు."

వెనక నుంచి దమయంతి గుసగుస గోడలకు తగిలి మనస్విని దాకా వచ్చింది. "ఫొటోల ఒక తీరుంది, ఈడ ఒక తీరుంది పిల్ల."

"పాపం, ఈవిడ తల కూడా తీయించాడా?" ఒక ఐరిష్ ముసలావిడ అడిగింది.

"లేదండీ. పెళ్లి రద్దు చేసి, భవనాలిచ్చి వదిలేశాడు. ఆరుగురు రాణుల్లో చివరిదాకా మిగిలింది ఈవిడే."

టూర్ ముగిసింది. అందరూ టీ తాగడానికి వెళ్లారు. ముగ్గురే మిగిలారు.

"రంగుదేముందిరా?" అంది దమయంతి. "పిల్ల కళగుంది. మాట మంచిగుంది. కండ్లు మూస్కొని చేస్కో."

రఘువీర్ ఆలోచనలో పడ్డాడు. మనస్వినిని చూసి కొంచెం నవ్వాడు కూడా. ఆమె మనసులోనే దండం పెట్టుకుంది. దేవుడా, ఆ ఒక్క మాట అనిపించు, జన్మలో ఇంకేమీ అడగను.

"ఈ ఫొటో మీరు పంపిందేనా?" అడిగాడు.

"అవును."

"ఇట్ల మార్చిన్రని తెలిసే పంపిన్రా?"

తల దించుకుంది. "తెలిసే."

అతని నవ్వు పోయింది. "రంగు కాదు పిన్నీ. మొదట్లనే గింత మోసమైతే ఎట్ల? నాకొద్దు. వాళ్ల నాన్నకు ఇయ్యాలనే చెప్త."

మనస్విని కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. దమయంతికి జాలేసింది. వీపు నిమిరి, "ఏడ్వకు బిడ్డా, నీ రాతల ఎవడున్నడో" అని కొడుకువరసవాణ్ని తీసుకుని వెళ్లిపోయింది.

వాళ్ల కారు మలుపు తిరిగేదాకా ఆగి, మనస్విని కోట వెనక గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డ క్లాస్‌మేట్ అచ్యుత్ దగ్గరికి పరుగెత్తి, "ఫొటో మస్తు దిద్దినవ్ పో, నాయిన మాట తప్పడు, ఇగ మన పెండ్లే!" అంటూ అతన్ని వాటేసుకుంది.