స్తంభం మీద ఫొటో

"మొఖం తెల్లగ రావాలె బిడ్డా. మన సంఘం హాల్ల వెట్టుకునే ఫొటో," అన్నాడు రామలింగం సేటు, గైబీ నగర్‌లోని తన షెడ్డులో సాంచలనే మరమగ్గాలు ఆపించి కుర్చీలో కూర్చుంటూ. పాతకాలపు రీలు మీద బ్లాక్ అండ్ వైట్ ఫొటోనే కావాలని మా స్టూడియోకు కబురు పెట్టింది ఆయనే. నేనెవరో ఆయనకు తెలియదు.

ఈ షెడ్డులోనే మగ్గం తిప్పే పట్టాలో చిక్కుకుని మా నాయన చనిపోయాడు. "గాడు నా దగ్గర ఎన్నడు పని జెయ్యలే" అని కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది ఈ నోరే.

"తెల్లగనే వస్తది సేటూ," అన్నాను.

కిటికీ వెలుగంతా ఆయన ముఖం మీదే పడుతోంది. నేను మాత్రం వెనకున్న చీకటి స్తంభానికి సరిపడేంత సేపు షట్టరు తెరిచి ఉంచాను. రీలు కడిగేటప్పుడు ముఖాన్ని కాపాడే పలచటి డెవలపరు పక్కన పెట్టి ఘాటైనది పోశాను.

ఫొటో చూసి సేటు మండిపడ్డాడు. ముఖం ఉండాల్సిన చోట ఉత్త తెల్లటి మరక. "ఇందుల నా మొఖమేది?"

"నీ మొఖం ఎవలికి గావాలె? ఎనుక స్తంభం సూడు."

మగ్గం నేసేవాళ్లంతా చేసినట్టే, మా నాయన ఆ స్తంభానికి దేవుడి పటం పక్కన గంజితో అంటించుకున్న బడిపిల్ల ఫొటో. ఇన్నేళ్లూ ఆ చీకట్లో ఎవరి కంటా పడనిది, ఇప్పుడు జడ రిబ్బన్లతో సహా కనిపిస్తోంది.

"గా పిల్లను నేనే, సేటూ. నీ సాంచ కాడ నన్నెవలు అంటిచ్చిన్రో ఇగ కోర్టుల నువ్వే జెప్పు."