దోపని గడ్డిపోచ

గూడు అల్లడంలో గిజిగాడి తర్వాతే ఎవరైనా. పోచ పక్కన పోచ, చీమ దూరే సందు ఉండదు. ఉండకూడదు కూడా. గూడు పూర్తయ్యాక ఆడపిట్ట వచ్చి ముక్కుతో లాగి చూస్తుంది. ఒక్క పోచ వదులుగా ఉన్నా ఎగిరిపోతుంది. వాళ్లలో అదే పెళ్లిచూపులు.

గిజిగాడు చివరి పోచ కోసం వెళ్తుంటే ఎండు మద్దిచెట్టు మీద వింత చప్పుడు వినిపించింది. వడ్రంగి పిట్ట మానును టకటకా కొడుతోంది. ఆ అదురుకు కొమ్మల మధ్య సాలీడు అల్లిన పోగులు తెగుతున్నాయి. సాలీడు వాటిని అతకడం లేదు, తెగిన చోటి నుంచే కొత్త దారిలో అల్లుకుపోతోంది. ఆ దారి చూసి వడ్రంగి దరువు మారుస్తోంది.

గిజిగాడికి ఒళ్లు మండింది.

"తెగినదానికి ముడెయ్యవా అత్తా? ఇదేం పనితనం!"

"ముడేస్తే ఇది నా ఒక్కదాని అల్లిక అవుతుందిరా అబ్బాయ్," అంది సాలీడు. "వదిలేస్తే అడవి కూడా ఓ చెయ్యి వేస్తుంది."

అంతలో గాలి వీచింది. తెగిన పోగులన్నీ ఎండలో మెరుస్తూ ఏటవాలుగా ఊగాయి. దరువు తొలి చినుకుల్లా రాలింది. మబ్బు లేని ఆకాశం కింద గిజిగాడు రెక్కలు దులుపుకున్నాడు, తడిశాయేమోనని.

చివరి పోచ తెచ్చి గూటికి అల్లాడు. కొస దోపబోయి, ఆగి, దాన్ని గాలికి వదిలేశాడు.

ఆడపిట్ట వచ్చింది. "ఇది దోపడం మరిచావా?" అంది.

"మరవలేదు. కాస్త ఆగి విను."

గాలికి పోచ సన్నగా పాడింది. ఆడపిట్ట తల వంచి చాలాసేపు విని, తుర్రున ఎగిరిపోయింది.

కాసేపటికి అది తిరిగొచ్చింది, ముక్కున మరో పోచతో.

"దీన్ని దాని పక్కనే కట్టు," అంది. "కొస దోపకు."