సీసాలు జరిపిన చెయ్యి

వంటసోడా సీసా మళ్ళీ చోటు మారింది.

నిన్న సాయంత్రం చిట్టి దాన్ని పొయ్యికి కుడిపక్కన, పిండి డబ్బాకి ఆనించి పెట్టింది. ఇప్పుడది పై అరలో, కాఫీపొడి వెనక నక్కి కూర్చుంది.

"వదినా, దీన్నెవరు జరిపారు?"

"దేన్ని?" ఉల్లిపాయలు తరుగుతున్న వదిన తలెత్తలేదు. "నువ్వే పెట్టుంటావు. మర్చిపోయుంటావులే."

ఆ 'లే' ముల్లులా దిగింది చిట్టికి.

కేన్సర్ వదిలింది, రాలిన జుట్టు తిరిగొచ్చింది. బుర్రలో పట్టిన మంచు మాత్రం పూర్తిగా విడలేదు. జబ్బు నుంచి బయటపడ్డ కుర్రకారుని మళ్ళీ ఉద్యోగాల్లో నిలబెట్టే పునరావాస కేంద్రం మేడమ్, "అది మందుల ప్రభావం, సాధన చేస్తే తగ్గుతుంది" అని ధైర్యం చెప్పింది. రేపు ఆవిడే ఇంటికొచ్చి, చిట్టి కేకు చేస్తుంటే పక్కన నిలబడి చూస్తుంది. తడబడకుండా చేస్తే అక్కడికక్కడే, జబ్బుకి ముందు చిట్టి పనిచేసిన హోటల్ పెద్ద షెఫ్‌కి ఫోన్ చేస్తుంది. తడబడితే, హోటల్ వంటగదిలో చిట్టి చోటు ఇప్పుడక్కడ తాత్కాలికంగా పనిచేస్తున్న అమ్మాయికి ఖాయమైపోతుంది.

ఆ అమ్మాయి ఎవరో కాదు. వదిన సొంత చెల్లెలు.

అన్నకి చెబితే పగలబడి నవ్వాడు. "మీ వదినకి తన కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో తెలీదు. నీ సీసాలు జరుపుతుందా? డిటెక్టివ్ వేషాలు మానవే తల్లీ!"

మొదట్లో చిట్టి తననే అనుమానించుకుంది. పంచదార ఉండాల్సిన చోట మిరియాలు కనిపిస్తే నడివంటగదిలో నిలబడి ఏడ్చింది కూడా. వదిన చూసింది. చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయింది తప్ప ఒక్క మాట అనలేదు. ఆ మౌనంలోనే ఏదో ఉందనిపించింది చిట్టికి. తనలాంటి పిచ్చిమొహం ఇంట్లోనే ఉండిపోతే ఎవరికి లాభం?

ఆ సాయంత్రం తన పాత పనిసంచీలోంచి ఎర్రరంగు పొడి తీసింది. కేకుల మీద పువ్వులు దిద్దే రంగు అది. పొడిగా ఉన్నంతసేపు మామూలు దుమ్ములా ఉంటుంది. తడి తగిలిందా, నెత్తురే! సీసాల మెడల చుట్టూ పల్చగా అద్ది, ఏ సీసా ఎక్కడుందో ఒకటికి రెండుసార్లు మనసులో చదువుకుంది. ఎవరికీ చెప్పలేదు.

పొద్దున్న స్నానం చేసి వంటగదిలోకి వచ్చేసరికి సగం సీసాలు స్థానభ్రంశం. చిట్టి కిక్కురుమనకుండా బల్ల దగ్గర కూర్చుంది.

మేడమ్ వచ్చింది. "ఏమ్మా చిట్టీ, సిద్ధమేనా?"

"కూర్చోండి మేడమ్, కాఫీ ఇస్తాను," అంటూ వదిన కప్పులు కడగడానికి కుళాయి తిప్పింది.

తొట్టినిండా ఎర్రటి నీళ్ళు.

"అయ్యో, చెయ్యి తెగిందా?" మేడమ్ దిగ్గున లేచింది.

"తెగలేదు మేడమ్, దొరికింది," చిట్టి వదిన మణికట్టు పట్టుకుంది. "దొరికావు వదినా! ఇన్నాళ్ళూ నువ్వేనన్నమాట."

వదిన తన అరచేతులు చూసుకుంది. బుకాయిస్తుందనుకుంటే, "హమ్మయ్య!" అని కుర్చీలో కూలబడింది. "పట్టేశావా? బతికించావు తల్లీ. సొంత వంటగదిలో దొంగలా తిరగలేక చచ్చాను."

"ఏమిటిదంతా?" అంది మేడమ్.

"హోటల్లో పదిమంది చేతులు పడతాయి కదండీ. ఉదయం పెట్టిన వస్తువు మధ్యాహ్నానికి అక్కడుండదు. చోటు మారితే ఇది కంగారుపడి బిగుసుకుపోతోంది. అందుకని ఇంట్లోనే అలవాటు చేస్తున్నాం. అడిగినా, ఏడ్చినా నేను ఒప్పుకోకూడదు. తనంతట తను నన్ను పట్టుకుందంటే పనికి సిద్ధమైనట్టు. అదీ పందెం. ఇది ఏడ్చిన రోజు నాకు ముద్ద దిగలేదు మేడమ్."

చిట్టి పట్టుకున్న మణికట్టు వదిలేసింది. "మరి... మీ చెల్లి?"

"దాని ఊసెత్తకు. కోడి కూయకముందే లేవలేక రోజూ నాకు ఫోన్ చేసి ఏడుపు. మీ ఆడపడుచు ఎప్పుడొస్తుందక్కా అని ప్రాణం తీస్తోంది."

సిగ్గుతో చిట్టి చెవులు వేడెక్కాయి. ఏప్రన్ బిగించి పొయ్యి దగ్గరికి నడిచింది. సగం సీసాలు ఉండాల్సిన చోట లేవు. అయినా కంగారుపడలేదు. వెతికింది, అందుకుంది, కొలిచింది, కలిపింది. కేకు ఓవెన్‌లోకి వెళ్ళి, కాసేపటికి ఇల్లంతా వెన్న వాసన కమ్ముకుంది.

మేడమ్ చప్పట్లు కొట్టింది. "వల పన్నావు, ఎక్కడ పన్నావో గుర్తుపెట్టుకున్నావు, దొంగని పట్టావు. ఇంతకంటే పరీక్ష ఏముంటుందమ్మా? షెఫ్‌కి ఇప్పుడే చెప్పేస్తాను." ఫోన్ తీసి నంబర్ నొక్కింది.

చిట్టి వెనకనుంచి వెళ్ళి వదిన మెడ చుట్టూ చేతులు వేసింది. ఎన్ని నెలల తర్వాతో అంత గట్టిగా నవ్వింది. "చూడ్డానికి అమాయకురాలివి. ఇంత దుర్మార్గపు ఆలోచన నీకెలా వచ్చింది వదినా?"

వదిన కూడా నవ్వబోయింది. చిట్టి నిజంగానే తెలీక అడుగుతోందని అర్థమై, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. మేడమ్ ఇటు తిరిగింది. ఫోన్‌లో షెఫ్ "హలో... హలో..." అంటున్నాడు.

"నాకు రాలేదు చిట్టీ," అంది వదిన మెల్లగా. "ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు, ఈ వంటగదిలోనే, సీసాలు జరపమని నాచేత ఒట్టు వేయించుకున్నది నువ్వే."