బెంజి కారుకు ఎదురు

"అమ్మా, పూజ అయ్యేదాకా నువ్వు కాస్త వెనక గదిలో ఉంటే మంచిదంటున్నారు పంతులుగారు," అన్నాడు వేదవ్యాస్, తల్లి ముఖంలోకి చూడకుండా.

కామేశ్వరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"పంతులుగారంటున్నారా, నువ్వంటున్నావా?"

"ఎవరంటే ఏంటమ్మా. కొత్త బండి. తొలిసారి బయలుదేరేటప్పుడు ఎదురు..." మిగతాది మింగేశాడు.

మింగినదేంటో ఆవిడకు తెలుసు. భర్త పోయిన దగ్గర్నుంచి ఆ మాట పెళ్ళిళ్ళలో, గృహప్రవేశాల్లో వింటూనే ఉంది. ఊళ్ళోవాళ్ళు అన్నప్పుడు సరిపెట్టుకుంది. ఇప్పుడు అన్నది కడుపున పుట్టినవాడు. తెనాలిలో పేరున్న డాక్టరు. ఉచిత వైద్య శిబిరాలు పెట్టి, మూఢనమ్మకాలు మానండని మైకులో చెబుతాడు. చెప్పేవి శ్రీరంగనీతులు.

"మీ నాన్న పోయిన ఏడే నువ్వు పీజీ పరీక్షకి వెళ్ళావు. ఆ రోజు గుమ్మంలో ఎదురొచ్చింది ఎవర్రా?"

వేదవ్యాస్ సెల్‌ఫోను మోగిందని వెళ్ళిపోయాడు. అది మోగలేదు.

కామేశ్వరమ్మ వెనక గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకుంది. నిద్ర చాలక కళ్ళు మండుతున్నాయి. నడుము పట్టేసింది. దానికి తోడు కళ్ళజోడు కనబడటం లేదు. అది లేకపోతే కిటికీ అవతల అంతా మసకే. తలగడ కింద, పూజగదిలో, టీవీ మీద, అన్నిచోట్లా వెతికింది. ఎక్కడ పెట్టిందో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు.

వాకిట్లో షామియానా కింద కొడుకు గొంతు ఖంగుమంటోంది. ఊళ్ళోని డాక్టర్లంతా వచ్చారు.

"మెర్సిడెస్ అంటే ఏంటనుకున్నారు? ఓ ఆడపిల్ల పేరండి. ఆస్ట్రియా వర్తకుడొకాయన పట్టుబట్టి తన కూతురి పేరు పెట్టించాడు. ఆ నక్షత్రానికి మూడు కొమ్ములెందుకో తెలుసా? నేల, నీరు, ఆకాశం. ఏదీ, ఆ తలుపు వెయ్యండి. చప్పుడు వినపడిందా?"

"లేదండి," అన్నారెవరో, తమ మారుతి తలుపును తలుచుకుని కాబోలు, దిగులుగా.

"అదీ బెంజంటే. కార్ల్ బెంజి అనే ఆయన..."

కామేశ్వరమ్మ పళ్ళు నూరింది. సగం కథే చెబుతాడు వెధవ. అసలు ఆ కథ వాడికి చెప్పిందెవరు? రేపల్లెలో, తన పుట్టింట్లో, పాత వారపత్రికలో చదివి, వాడు అన్నం తిననని మారాం చేస్తే ముద్దకో ముక్క చొప్పున చెప్పింది తను. బెంజి బండి తయారుచేసి, ఎవరూ కొనడం లేదని దిగాలుపడి కూర్చుంటే, ఆయన భార్య బెర్తా మొగుడితో మాట మాత్రం చెప్పకుండా, పిల్లలిద్దరినీ ఎక్కించుకుని, పొద్దున్నే పుట్టింటికి బయలుదేరింది. దారిలో గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసింది. కారన్నది దూరప్రయాణం చేయడం లోకంలో అదే మొదలు. ఆ ముక్క మాత్రం వాడు ఎక్కడా చెప్పడు.

తన ఇంటాయన ఇలాంటివాడు కాదు. జంపని పంచదార ఫ్యాక్టరీ దారిలో, చెరకు బళ్ళు తిరగని రోజుల్లో, ఆయన ఫియట్‌లో తను కూర్చోని సీటు లేదు. ఆయన పోగానే కొడుకు దాన్ని అమ్మేశాడు.

కోడలు శ్రీలక్ష్మి కాఫీ తెచ్చింది. పట్టుచీర కట్టుకుంది. ఎదురు రావాల్సింది ఆ అమ్మాయే.

"కళ్ళజోడు దొరికిందా అత్తయ్యగారూ?"

"లేదు."

"రాత్రి టీవీ చూసేటప్పుడు ఉంది కదండి." కాఫీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టింది. "మిమ్మల్నిలా కూర్చోబెట్టడం నాకేం బాలేదండి."

"బాలేకపోతే ఆ మాట నాతో కాదు, మీ ఆయనతో అను."

శ్రీలక్ష్మి తలొంచుకుని వెళ్ళిపోయింది. పాపం ఆ పిల్లనెందుకు అన్నానా అనిపించింది కానీ, కోపం మాత్రం దిగలేదు.

ఇంతలో బయట కొడుకు కేక.

"యేసుదాసూ, టైర్లకి ఈ బురదేంటి? రాత్రి కడగమన్నానా లేదా?"

"కడిగానండి," అన్నాడు డ్రైవరు.

"కడిగితే ఇదెక్కణ్ణుంచి వచ్చింది? ఆకాశంలోంచి పడిందా? బుద్ధుందా నీకు?"

"మళ్ళీ కడుగుతానండి."

కామేశ్వరమ్మ కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. ఆ తిట్లు తనకే తగిలినట్టయింది. బయటికి వెళ్ళి నాలుగూ దులిపేద్దామనుకుంది. గడపదాకా వెళ్ళి ఆగిపోయింది.

గౌరీశంకరం పంతులుగారు బాపట్ల నుంచి వచ్చారు. ఆయన గొంతు ఇంకా పెద్దది.

"షోరూము నుంచి ఇంటికి తెచ్చింది లెక్కలోకి రాదు డాక్టరుగారూ. యజమాని గడప ముందునుంచి కదిలిందే తొలి ప్రయాణం. అప్పుడు ఎవరి ముఖం తగిలితే, ఆ బండి రాత అదే."

గుమ్మడికాయ పగిలింది. టైర్ల కింద నిమ్మకాయలు నలిగాయి. నిండు బిందెతో శ్రీలక్ష్మి ఎదురొచ్చింది. బెంజి చప్పుడు లేకుండా వీధి మలుపు తిరిగింది. వెనక గదిలో కామేశ్వరమ్మ చల్లారిన కాఫీ తాగింది.

ఊరు చుట్టొచ్చాక పంతులుగారు మీసం లేదన్న మాటే గానీ మెలేసినంత పని చేశారు.

"చూశారా? ఎక్కడా చిన్న గీత పడలేదు. తొలి ప్రయాణం ఇంత సలక్షణంగా జరిగిన బండిని నేను చూడలేదు. దాన్ని తొలిసారి కదిలించిన చేతి చలవ అలాంటిది."

అందరూ టిఫిన్లకు లేచారు. వాకిలి ఖాళీ అయింది. యేసుదాసు ఇంటి వెనకగా వచ్చి, అటూ ఇటూ చూసి, కిటికీ ఊచల్లోంచి చెయ్యి లోపలికి చాపాడు.

"అమ్మగారూ, మీ కళ్ళజోడండి, తెల్లారగట్ట మీరు బండి తోలుకుని రేపల్లె వెళ్ళొచ్చారు కదా, డ్రైవరు సీటు కింద పడిపోయిందండి."